లావు గీతలు

నక్షాలు అచ్చేసే కొత్త ప్లాటరుని మనుషులు మేడమీదికి మోసుకొచ్చి, మెట్ల మలుపు దగ్గర తిరగక కాళ్ళు విప్పి, పైకొచ్చాక మళ్ళీ బిగించి, చివరికి కిటికీ లేని గదిలో నిలబెట్టేసరికి మధ్యాహ్నమైంది. కోడలు ఈ ఇంట్లో మొదటిసారి అడుగుపెట్టిన రోజున కూడా ఇంత హడావుడి జరగలేదు. అత్తగారు కిందనుంచి మోసినవాళ్ళకి మంచినీళ్ళు పంపింది. మామగారు తన కుర్చీలోంచే, గోడ గీకకుండా తీసుకురమ్మని కేకలేశాడు. గోడ అప్పటికే గీకేశారు. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

కింద ఇల్లు, పైన డ్రాయింగు ఆఫీసు. పొద్దున్న వంటింట్లోంచి మెట్లెక్కితే ఉద్యోగం, సాయంత్రం దిగితే సంసారం. అందరు ఆడవాళ్ళలాగా ఆఫీసుకి వెళ్ళొస్తానని చెప్పే భాగ్యం కోడలికి లేదు. ఎక్కడికీ వెళ్ళనిదే రావడం ఎలా? మామగారు ఇళ్ళకీ కొట్లకీ నక్షాలిచ్చే ఇంజనీరు. బయట అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. భర్త ఆ నక్షాల ప్రకారం కట్టుబడి జరిగేచోట ఉండి పని చేయిస్తాడు. నక్షా గీసేది మాత్రం కోడలు. లెక్కలు కట్టేది ఆమే, ప్లాటరులో కాగితం చుట్ట ఎక్కించేదీ ఆమే. షీటు కింది మూలన గళ్ళు ఉంటాయి. 'గీసినవారు' అన్న గడిలో ఆమె పొడి అక్షరాలు రెండు. 'పరిశీలించి ఆమోదించినవారు' అన్న గడిలో పెద్దాయన సంతకం, కాస్త గర్వంగా, గడి దాటి.

సంతకం పెట్టే అర్హత ఆమెకీ వచ్చి చాలా కాలమైంది. పరీక్ష రాసింది, నెగ్గింది, నంబరు కూడా ఇచ్చారు. ఆ మాట కదిలించినప్పుడల్లా పెద్దాయన చల్లగా నవ్వి, "తొందరేముందమ్మా, నేనెక్కడికి పోతాను?" అనేవాడు. నిజమే, ఆయన ఎక్కడికీ పోలేదు.

ప్లాటరు కంపెనీ మెకానిక్కు నడివయసు మనిషి, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. కొత్తది నాలుగు రంగుల్లో వేస్తుందని, పాత నల్ల సిరా మిషనుతో దీనికి పోలికే లేదని మురిపెంగా చెప్పి, కంప్యూటర్లకి తగిలించి, చేతులు తుడుచుకుని వెళ్ళాడు. రేపు రెండో కాగితం చుట్ట తెచ్చి పెడతానన్నాడు. అతను వెళ్ళాకే కోడలి అసలు పని మొదలైంది.

కంప్యూటరు తెర మీద గీతలన్నీ ఒకటే మందం, తేడా రంగులో ఉంటుంది. ఈ ఆఫీసులో గోడలు ఎరుపు, దూలాలు పసుపు, కొలతలు ఆకుపచ్చ. నల్లటి తెర మీద పసుపు బంగారంలా మెరుస్తుంది. తెల్ల కాగితం మీద అదే పసుపు పడితే మంచి కళ్ళున్నవాడు కూడా వెతుక్కోవాలి. అందుకని ఏ రంగు గీత ఎంత లావున, ఎంత నల్లగా పడాలో ప్లాటరుకి ముందే చెప్పి ఉంచాలి. చెప్పే చోటుని పెన్నుల పట్టిక అంటారు. పెన్నులు పట్టుకుని గీసే మిషన్ల కాలం నాటి పేరు అలా ఉండిపోయింది. కోడలు ఆ పట్టిక ముందు కూర్చుని ఒక్కొక్క రంగుకీ ఒక్కొక్క మందం అప్పజెప్పింది. ఒక గీత తీసి చూసి, వేలితో తడిమి, మళ్ళీ సన్నం చేసింది. ఆ పట్టికకి 'ఆఫీసు' అని పేరు పెట్టింది.

తర్వాత లేచి గది తలుపు దగ్గరికి వేసి, అదే ప్లాటరుని కంప్యూటరుకి ఇంకోసారి పరిచయం చేసింది, ఇంకో పేరుతో. దాని పేరు 'లోపలి కాపీ'. దానికి తగిలించిన పట్టికలో ప్రతి గీతా రెండింతలు లావు. సంతకం గడి చుట్టూ గీత అయితే వేలెడు దూరంలో చెయ్యి పెట్టినా దొరికిపోయేంత లావు.

ఆ రెండో పేరు సంగతి ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. పాత మిషను ఉన్నప్పుడే ఒక రోజు పెద్దాయన స్కేలుని గీత మీద పెట్టకుండా గీత పక్కన పెట్టి కొలవడం ఆమె చూసింది. ఏమీ అనలేదు. మర్నాటి నుంచి ఆయన బల్ల మీదికి వెళ్ళే కాపీలో గీతలు కొంచెం లావెక్కాయి. ఆయన చూపు సన్నగిల్లిన కొద్దీ అవి ఇంకా లావెక్కుతూ వచ్చాయి. ఆయన ఆ లావు షీటు ముందేసుకుని, ఎర్ర పెన్సిలుతో దూలం దూలానికీ టిక్కు పెట్టుకుంటూ, తప్పుంటే సున్నా చుట్టేవాడు. చుట్టినచోట నిజంగానే తప్పుండేది. బుర్రకేమీ వంక పెట్టలేం, కళ్ళే మోసం చేశాయి. ఒంట్లో ప్రాణం ఉన్నంతకాలం ఆయన్ని ఆ కుర్చీలో పెద్దాయనగానే ఉంచాలని కోడలు అనుకుంది. అనుకున్నప్పుడు అది మంచితనంలాగే కనిపించింది. ఇప్పుడు ఆ గదిలో తలుపేసుకుని గీతలు లావు చేస్తుంటే, తన చుట్టూ తనే గోడ కట్టుకుంటున్నట్టు ఉంది.

ఎందుకంటే ఊరికి అవతలి కొసన ఇంకో ఆఫీసు ఆమెని పిలుస్తోంది. గీసే పనికి కాదు, సంతకం పెట్టే పనికి. ఈ వారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. రేపు వచ్చి ఒకసారి చూసి వెళ్ళమన్నారు. భర్తకి ఆమె ఇంకా చెప్పలేదు. తను వెళ్ళిపోతే లావు గీతలు ఎవరు వేస్తారు? వారం తిరక్కుండా పెద్దాయన చూపు సంగతి బజారున పడుతుంది. వెళ్తే ఆయన పోతాడు, ఉంటే తను పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు పొద్దున్నే పంటి నొప్పని, డాక్టరుకి చూపించుకోవాలని ఇంట్లో చెప్పింది. అత్తగారు లవంగం నూనె రాసుకోమని సీసా తెచ్చిచ్చింది. లేని నొప్పికి ఉన్న మందు రాసుకుంటూ కోడలు సిగ్గుపడింది. మందుల షాపాయన కట్టిస్తున్న ఇంటి మెట్ల షీటు పూర్తయింది గానీ, తను వచ్చాకే ప్రింటు తీయాలని కంప్యూటర్లో అలాగే వదిలేసి వెళ్ళింది.

అవతలి ఆఫీసు పెద్ద గొప్పదేం కాదు. నాలుగు బల్లలు, ఒక కిటికీ, కిటికీలోంచి ఎదురింటి పిట్టగోడ. నడిపేది నెరిసిన జుట్టావిడ. కోడలి డ్రాయింగులు తిరగేసి, తను కూడా ఒకప్పుడు పెద్దాయన దగ్గరే పని నేర్చుకున్నానని చెప్పింది. ఖాళీ బల్ల చూపించింది. కోడలు ఆ కుర్చీలో కూర్చుని చూసింది. అక్కడ ఎవరికీ ఆమె కోడలు కాదు. వస్తానని నోటిదాకా వచ్చిన మాటని మింగి, వారంలోగా చెబుతానని లేచింది.

తిరిగి మేడెక్కేసరికి మెకానిక్కు సామాను సర్దుకుంటున్నాడు. ముఖంలో మంచి పని చేసిన వెలుగు. "ఒకటే మిషను రెండు పేర్లతో రెండుసార్లు ఎక్కి ఉంది మేడమ్. అలా ఉంటే మొరాయిస్తుంది. రెండూ తీసేసి శుభ్రంగా ఒక్కసారి ఎక్కించాను. పెద్దాయన టెస్టుకి మెట్ల షీటు తియ్యమన్నారు. రంగులు అదిరిపోయాయి" అన్నాడు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. పేర్లతోపాటు వాటికి తగిలించిన పట్టికలూ ఊడిపోయాయి. అతన్ని తిట్టడానికీ లేదు. ఏ మెకానిక్కయినా చేసే పనే అది, రెండో పేరు ఎందుకో అతనికెలా తెలుస్తుంది? షీటు ఏమైందని అడిగింది. పెద్దాయన పరిశీలించి సంతకం పెట్టారని, కట్టుబడి దగ్గర్నుంచి మనిషి వస్తే జిరాక్సు తీయించి ఇచ్చేశారని, అసలుది ఆయన బల్ల మీద ఉందని చెప్పాడు.

పెద్దాయన భోజనానికి దిగాడు. కోడలు బల్ల దగ్గరికి వెళ్ళి షీటు చూసింది. గోడలు ఎర్రగా, కొలతలు పచ్చగా, సన్నటి వెంట్రుకల్లా పడ్డాయి. దూలాలు పసుపు. కాగితాన్ని వెలుతురుకి ఎత్తి వంచితే తప్ప కనబడటం లేదు. జిరాక్సులో ఆ మాత్రం కూడా పడవు. మెట్లు సగం ఎక్కాక తిరిగేచోట, ఆ అరుగంతా ఏ దూలం మీద ఆగాలో ఆ దూలం కాగితం మీద లేదు.

ఆమెని కూలబెట్టింది అది కాదు. షీటు నిండా ఎర్ర టిక్కులున్నాయి. ఎప్పుడూ ఉన్నన్ని, ఎప్పటిలాగే ధీమాగా. ఒక టిక్కు కిటికీ మధ్యలో పడింది. ఒకటి మెట్ల పక్క ఖాళీలో. ఒకటి అంచు దాటి బల్ల మీదికి జారి, బల్ల చెక్క మీద సగం తోక మిగిలింది. సంతకం గడిలో లేదు, ఇంటి యజమాని పేరు మీద ఉంది. ఏమీ కనబడని కాగితం మీద ఆయన అన్నీ కనబడినట్టు టిక్కులు పెట్టుకుంటూ వెళ్ళాడు, పక్కన మెకానిక్కు నిలబడి చూస్తుండగా.

ఆమె భర్తకి ఫోన్ చేసింది. మెట్ల ఇనుము కట్టేస్తున్నారని, రేపు పొద్దున్నే కాంక్రీటని అతను చెప్పాడు. అరుగు కింద దూలం ఉండాలని ఆమె అంటే, అతను విసుగ్గా ఊపిరి వదిలాడు.

"మేస్త్రీ అడిగాడు కూడా. నాన్న ఆలోచించే తీసేసి ఉంటాడులే అన్నాను. సంతకం ఉంది కదా."

"ఆపించండి."

"నీ మాట మీద ఆపితే మేస్త్రీ ఊరుకుంటాడా? నాన్న చేత ఒక్క మాట చెప్పించు. లేకపోతే సరిచేసిన కాగితం సంతకంతో తే. అప్పుడు మిక్సరు తిప్పనివ్వను." అతనిది కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఏ పక్కా ఒక అడుగు వేసి ఎరగడు.

సాయంత్రం గుమ్మం తలుపు దగ్గరికి వేసి ఆమె పెద్దాయన ఎదుట నిలబడింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. వాటిని అంత శ్రద్ధగా ఎందుకు తుడుస్తాడో ఆమెకి తెలుసు. తుడిస్తే వచ్చే చూపు కాదది.

"దూలం పడలేదు మామయ్యగారూ. మెట్ల అరుగు కింద. పసుపు గీత పసుపుగానే పడింది."

ఆయన తుడవడం ఆపలేదు. "గీయడం మర్చిపోయానని వాడికి ఫోన్ చేసి చెప్పు. ఆపుతాడు" అన్నాడు.

"గీశాను."

"గీశావని నాకు తెలుసమ్మా. అలా చెప్పమంటున్నాను. నా పేరు పోతే ఆఫీసు పోతుంది. నీ పేరు ఎవరికి తెలుసని, పోవడానికి?"

ఆ మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు. అందుకే అది ఆమెకి ఎముకదాకా దిగింది. ఎవరికీ తెలియకుండా చేసింది ఎవరని అడగబోయి, వేరే మాట అంది.

"కనబడలేదని మీరే చెప్పొచ్చుగా."

కళ్ళద్దాలు బల్ల మీద ఆగాయి. బయట ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది అంటుకోవడం లేదు.

"మొదటిసారి లావు షీటు తెచ్చావు చూడు, ఆ రోజే తెలిసింది నాకు" అన్నాడు. "చూపు పోయింది గానీ, నేను చెప్పిన మందం ఏదో, నువ్వు వేసిన మందం ఏదో తెలియకుండా పోతుందా?"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఒప్పుకున్నట్టు. ఒప్పుకుంటే ఈ కుర్చీ ఇవ్వాలి. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. బండి నడిచింది." ఆయన ఆమె వైపు, ఆమె ఉందనుకున్న వైపు, తల తిప్పాడు. "అవతలి ఆఫీసావిడ పొద్దున్న ఫోన్ చేసింది. మీ కోడలు వస్తోంది, మీకు చెప్పే వస్తోందా అని. చెప్పే వస్తోంది అన్నాను. పన్ను ఎలా ఉంది?"

ఆమెకి నవ్వొచ్చినట్టయింది, ఏడుపొచ్చినట్టయింది, రెండూ రాలేదు. ఆయన గుట్టు తను కాపాడుతున్నానని ఇన్నాళ్ళూ పొంగిపోయింది. ఆ గుట్టే తన కాళ్ళకి కట్టిన పలుపుతాడని, దాని రెండో కొస ఆయన చేతిలోనే ఉందని తెలిసేసరికి ఒళ్ళు మండిపోయింది. అన్నిటికంటే మండిపోయేది ఏమిటంటే, తన పంటి నొప్పి అబద్ధాన్ని కూడా ఆయనే కాపాడాడు. ఒకరి అబద్ధాన్ని ఒకరు కప్పుకుంటూ, ఎవరూ బయటికి పోవడానికి వీల్లేకుండా ఎంత చక్కగా అల్లుకున్నారు ఇద్దరూ.

ఆమె ఫోన్ చెయ్యలేదు. ఆయనా మళ్ళీ అడగలేదు. కిందికి దిగి అందరికీ వడ్డించింది. అత్తగారు పంటి నొప్పి తగ్గిందా అంటే, తగ్గలేదంది. భర్త పళ్ళెంలోకి చూస్తూ, నాన్నతో మాట్లాడావా అని అడిగాడు. పొద్దున్న కాగితం ఇస్తానని, కింద బండి దగ్గర ఆగమని చెప్పింది.

తెల్లవారుతుండగానే మేడెక్కింది. కిటికీ లేని గదిలో దీపం వేసి పెన్నుల పట్టిక కొత్తగా తెరిచింది. ఎరుపు నలుపైంది, ఆకుపచ్చ నలుపైంది, పసుపు అన్నిటికంటే చిక్కటి నలుపైంది. చేతులు వాటంతటవే రెండో పేరు కోసం కదిలాయి. ఒక్క క్షణం ఆగి, తెర మీద ఆ కిటికీ మూసేసింది. ఈ మిషనుకి ఒక పేరు చాలు. ఒకటే పట్టిక, కళ్ళున్నవాళ్ళ కోసం. షీటులో దూలం మళ్ళీ సరిచూసుకుంది. లోతు, వెడల్పు, ఇనుము, గోడలోకి ఎంత దిగాలో. ఎవరో తర్వాత చూస్తారులే అన్న ధీమా లేకుండా చూడటం ఎంత భయమో ఆమెకి మొదటిసారి తెలిసింది. ఒకటికి మూడుసార్లు చూసింది.

ప్లాటరు కదిలింది. సిరా తల అటూ ఇటూ పోతూ కాగితాన్ని బయటికి నెడుతోంది. పెద్దాయన మెట్లెక్కి వచ్చిన చప్పుడు, కుర్చీ లాక్కున్న చప్పుడు ఆమెకి వినిపించాయి. మిషను ఆగి, కత్తి కాగితాన్ని కోసింది. ఆ కోత చప్పుడు ఆయనకి కూడా తెలుసు. ఇన్నేళ్ళూ అది విన్నాకే ఆయన పెన్ను మూత తీసేవాడు. తలుపు సందులోంచి చూస్తే, ఇప్పుడూ తీశాడు. పెన్ను పట్టుకుని, చెయ్యి బల్ల మీద పరిచి, కాగితం వచ్చే వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

ఆమె కాగితాన్ని ప్లాటరు మూత మీదే పరిచింది. కింది మూలన రెండో గడిలో, ఇన్నాళ్ళూ పెద్దాయన సంతకం పెట్టిన గడిలో, తన పూర్తి పేరు రాసింది, దాని కింద నంబరు వేసింది. ఎన్నోసార్లు ఊహించుకున్న సంతకం కాస్త వంకరగా వచ్చింది. సంతోషం పొంగుకొస్తుందనుకుంది, రాలేదు. చుట్ట చుట్టి, ఆయన ముందునుంచే నడిచి, మెట్ల మీదినుంచి భర్తకి అందించింది. అతను విప్పి, మూల వైపు చూసి, తలెత్తి ఆమెని చూశాడు. ఏదో అడగబోయి, బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆమె తిరిగొచ్చేసరికి పెద్దాయన పెన్నుకి మూత పెట్టేశాడు.

"పెట్టావా?"

"పెట్టాను."

ఆయన చాలాసేపు తల ఆడించాడు. తర్వాత మెల్లగా, దాచుకోవడం చేతగాని ఊరటతో అన్నాడు. "సంతకం పెట్టిన మనిషి ఆ ఇల్లు లేచేదాకా కదలకూడదు. ఆ తర్వాత ఇంకో ఇల్లొస్తుంది. ఇక నువ్వెక్కడికీ పోలేవమ్మా."

ఆ సంగతి ఆమెకి ప్లాటరు మూత మీద పేరు రాస్తున్నప్పుడే తెలిసింది. అవతలి ఆఫీసు కిటికీ, ఎదురింటి పిట్టగోడ, తనని కోడలని పిలవని ఆ నాలుగు బల్లలు, అన్నీ ఆ ఒక్క గీతతో వెళ్ళిపోయాయి. బాధ వేసింది. దాన్ని దాచాలని మాత్రం అనిపించలేదు.

"పోను మామయ్యగారూ. మీరు కాస్త లేవండి. మిగతా షీట్లు పరచాలి."

ఆయన లేవలేదు. ఆమె అడిగింది బల్ల కాదని ఆయనకి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత రెండు చేతులూ బల్ల అంచున ఆనించి లేచి, అంచు పట్టుకునే పక్కకి జరిగాడు. ఆమె పట్టుకోబోతే వద్దన్నట్టు మోచెయ్యి కదిపాడు.

ఆమె కూర్చుంది. కుర్చీ మరీ కిందికి ఉంది. కాగితం కళ్ళకి దగ్గరవ్వాలని ఆయన ఏడాదికేడాది దాన్ని దించుకుంటూ వచ్చాడు కాబోలు, బల్ల ఆమె ఛాతీ దాకా వచ్చింది. ఎత్తేది ఎక్కడుందోనని సీటు కింద తడిమింది, దొరకలేదు.

"అక్కడ కాదు" అన్నాడు ఆయన. మోకాలి మీద వంగి, చూడకుండానే కుర్చీ వెనక చెయ్యి పెట్టి మర పట్టుకున్నాడు. తుప్పు పట్టి మొదట కదల్లేదు, ఇంకోసారి బలంగా తిప్పితే కదిలింది. కుర్చీ కిర్రుమంటూ కొంచెం కొంచెంగా పైకి లేచింది.

"చాలా?"

"ఇంకా."

ఆయన తిప్పుతూనే ఉన్నాడు.